నాలుగో పేజీ

"ఇంకా రాలేదు" అన్న మాటతో మొదటి పేజీ అయిపోయింది. అయిపోతే ఎవరైనా ఏం చేస్తారు, పేజీ తిప్పుతారు. లినెట్ కూడా తిప్పింది. తిప్పిన చెయ్యి తిప్పినచోటే ఆగిపోయింది. రెండో పేజీ మొదట్లో ఉన్న మాట "మంగళవారం". ఆ మాట అక్కడ ఉండకూడదు. చిన్నప్పటినుంచీ ఆమెకు కంఠతా వచ్చిన పాఠంలో "ఇంకా రాలేదు" తర్వాత వచ్చేది "పడవ ఒక్కటే తిరిగొచ్చింది" అన్న వాక్యం. ఆ వాక్యం ఎక్కడికి పోయింది? వెతకనక్కర్లేదు, మొదటి పేజీమీదే ఉంది. కాగితాన్ని పావువంతు తిప్పి, ముందు రాసిన వరసలమీదుగా అడ్డంగా, వల అల్లినట్టు రాసిన వరసల్లో ఉంది. లినెట్ కళ్లద్దాలు తీసి జాకెట్టు అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. గోడగడియారం రెండు కొట్టింది. మూడింటికి సభ.

రచయిత్రి కెజాయా స్టోవర్ బతికిన ఇంట్లో, ఆవిడ రొట్టెపిండి పిసికిన బల్లమీదే ఉత్తరం పరిచి ఉంది. పొద్దుటి టపాలో ఒహాయో నుంచి వచ్చింది. అటకమీద పెట్టెలో దొరికిందనీ, చదవడం తమకు చేతకాలేదనీ, మీ దగ్గరుంటేనే న్యాయమనీ పంపినావిడ చిన్న చీటీ జతచేసింది. చేతకాకపోవడంలో వింతేముంది, అనుకుంది లినెట్. స్టాంపులూ కవర్లూ లేని రోజుల్లో కెజాయా తన అక్కకు రాసిన ఉత్తరం ఇది. అప్పట్లో కాగితాల లెక్కన తపాలా రుసుము, అదీ అందుకున్నవాళ్ల నెత్తిన. అందుకని ఒక్క కాగితాన్నే రెండుగా మడిచి నాలుగు పేజీలు చేసి, నాలుగూ నింపేశాక మళ్లీ మొదటి పేజీకొచ్చి, అడ్డంగా తిప్పి, రాసినదానిమీదే రాసేవాళ్లు. చదివేవాళ్లు ముందు నిలువు నాలుగు పేజీలూ చదువుకుని, తర్వాత అడ్డవరసలకు రావాలి. టారెంట్ రేవు పోస్టాఫీసు కిటికీ వెనక ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడిన మనిషికి ఇది కొత్త కాదు. కెజాయా తన తల్లికి రాసిన ఉత్తరాలు ఈ ఇంట్లోనే రెండు సొరుగుల నిండా ఉన్నాయి, అన్నీ ఇలా అల్లినవే. తెలియంది ఆ అక్క కొడుక్కి. ఒహాయోలో పుట్టి, కవర్లలో వచ్చే శుభ్రమైన ఉత్తరాలు చదువుతూ పెరిగిన ఆ పెద్దమనిషి, పిన్ని పోయిన మరుసటేడు, తన తల్లి దాచుకున్న ఈ కాగితం తీశాడు. మొదటి పేజీ చదివి, దాన్నే అడ్డం తిప్పి చదివాడు. తర్వాత రెండో పేజీ, దాని అడ్డం. తర్వాత మూడోది. నాలుగోదానిమీద అడ్డవరసలు లేవు, అక్కడితో ఆపాడు. ఎంత శ్రద్ధగా, ఎంత ప్రేమగా నకలు తీసి ఉంటాడో. దానికి "పొగమంచులో వారం" అని పేరు పెట్టి ఒక పత్రికకు పంపాడు.

కెజాయా లావుపాటి నవలలు అయిదు రాసింది. ఒకటి ఈ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది, అంతకుమించి ఆ నవలలతో ఇప్పుడు ఎవరికీ పనిలేదు. బతికున్నవి చిన్న రచనలు. చర్చిలో కుంపటి పెట్టాలా వద్దా అని ఊరు రెండుగా చీలిపోయిన కథ, గుడ్డి గుర్రం కథ, ఇంట్లో చావొస్తే తేనెటీగలకు కబురు చెప్పాలన్న ఆచారం మరిచిపోయిన కోడలి కథ, అలాంటివి పన్నెండు. అన్నిటికన్నా పైన ఈ ఉత్తరం. బడిపిల్లల పుస్తకాల్లో ఇదే. ఊళ్లో ఎవరైనా సముద్రంలో పోతే, శవం దొరక్కపోతే, చర్చిలో చదివేదీ ఇదే. నిరుడు వచ్చిన గడ్డం ప్రొఫెసరు ఈ వంటింటి తొట్టి పక్కనే నిలబడి, గడియారాన్ని పగలగొట్టి మనసు నడిచే దారిలో కథ నడిపిన మొదటి మనిషి ఈవిడే అన్నాడు. పనిలో పనిగా తలుపు పక్క చిలక్కొయ్యకు తగిలించిన ఉన్నికోటు ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ కోటు ఇంటిది కాదు. చూడ్డానికి వచ్చేవాళ్లకు కొయ్య బోసిగా కనిపిస్తోందని, ఈ ఇంటిని చూసుకునే సంఘంవాళ్లు పాతసామాన్ల దుకాణంలో కొనుక్కొచ్చి తగిలించారు. ఆ సంగతి ఆయనకు చెబుదామని లినెట్ నోరు తెరిచి, ఎందుకులే అని మూసుకుంది. నోరు మూసుకోవడం ఆమెకు బాగా అలవాటు. పోస్టాఫీసు అలవాటు.

అచ్చయిన వరసలో, సోమవారం నాడు కెజాయా పిండి పిసుకుతోంది, భర్త రూఫస్ సముద్రం మీదికి పోయి రెండురోజులైంది, బయట పొగమంచు, ఇంకా రాలేదు. వెంటనే: పడవ ఒక్కటే తిరిగొచ్చింది. వెంటనే: మంగళవారం, పక్కింటి కోడి మన గూట్లో గుడ్డు పెట్టింది, రేపో మాపో వస్తాడులే అంటున్నారు అందరూ. వెంటనే: నీలం గౌను నల్లరంగు కాగులో మునగనంటోంది, కర్రతో తొక్కిపెడుతున్నాను. వెంటనే: బుధవారం, రేవు కొనమీదికి వెళ్లి చూశాను, మంచులో నా చెయ్యే నాకు కనపడలేదు. వెంటనే: నల్లదారం రెండు కండెలు పంపు, అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఆ తర్వాత చివర్న, గురువారం, మంచు విడిచింది, దారిలో అడుగుల చప్పుడు. రూఫస్ గడపమీద బూట్లు దులుపుకున్నాడు, తడికోటు చిలక్కొయ్యకు తగిలించాడు, "తినడానికేముంది?" అన్నాడు. నూటయాభై ఏళ్లుగా లోకం చదివింది ఇదీ. పోయినవాడు రంగు కాగు మీదుగా, సంతాపపు నల్లదారం మీదుగా నడిచొచ్చి అన్నం అడుగుతాడు. అది వినని గుండె ఈ తీరంలో లేదు. కానీ కాగితంమీద ఉన్నది వేరు. సోమ, మంగళ, బుధ, గురు. గురువారం నిజంగానే వచ్చాడు. వచ్చి, తిని, పడుకుని, వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాడు. టపాబండి ఆలస్యమై ఉత్తరం బల్లమీదే ఉండిపోయింది. పదకొండు రోజుల తర్వాత ఆవిడ అదే కాగితం తీసి, అడ్డం తిప్పి, పడవ ఒక్కటే తిరిగొచ్చింది అని మొదలుపెట్టింది. వరసగా రాసింది పాపం. మనసు ముక్కలైన రోజున కూడా వరస తప్పలేదు.

లినెట్‌కు మొదట నవ్వొచ్చింది, పైకే వచ్చింది. ఎంతమంది పెద్దవాళ్లు, ఎన్ని పుస్తకాలు, ఆ గడ్డం! గడియారం పగలగొట్టింది ఒహాయోలోని అక్క కొడుకు, తెలియక చెయ్యి తగిలి. అయినా నవ్వి ప్రయోజనమేముంది, తన బుర్ర ఇప్పుడు తిరుగుతున్నది కూడా అతని వరసలోనే కదా, ఒకసారి ఈ బల్ల, ఒకసారి నిరుడు, ఒకసారి నలభై ఏళ్ల కింద. కెజాయా అలా రాయలేదు సరే, చదివిన అందరికీ అది తమ బుర్రలాగే ఎందుకు అనిపించింది? ఇది అడగదగిన ప్రశ్నే. గడ్డాన్ని అడగాలి.

"ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" పక్కగదిలోంచి హార్వే కేక. సంఘానికి పెద్ద ఆయన, లాబ్‌స్టర్ల వేట మానేసి నాలుగేళ్లైనా గొంతు ఇంకా పడవలో ఉన్నట్టే ఉంటుంది. "కుర్చీలు ఎన్నెయ్యమంటావు?"

"పోయినేడు ఎన్నేశావు?"

"యాభై వేస్తే ముప్ఫైమంది వచ్చారు. అందులో నలుగురు బ్లూబెర్రీ పై తినిపోదామని వచ్చినోళ్లే. ఆ ప్రొఫెసరొస్తాడా మళ్లీ? నా వేట బుట్టలు చూసి, ఇవి దేనికి ప్రతీక అంటాడే!"

"నువ్వేమన్నావు?"

"లాబ్‌స్టర్లకి అన్నాను."

కుర్చీకాళ్లు నేలమీద గీసుకున్నాయి. ఆ చప్పుడుతో లినెట్ నవ్వు ఆగింది. ముందు వరసలో ఎడమ కుర్చీ యూనిస్ పిన్నిది. ఏటా ఆగస్టు రెండో శనివారం సభ ఆఖర్న ఆ ఉత్తరం చదివేది పిన్నే. చదవడమంటే ఇప్పుడు చదవదు, ఎనభయ్యారేళ్లొచ్చాయి, కంటి నడిమధ్య మసక కమ్మింది, పక్కచూపే మిగిలింది. పుస్తకం చేతిలో ఊరికే పట్టుకుని ఒప్పజెబుతుంది. "తినడానికేముంది?" అన్న దగ్గర గొంతు మార్చదు. మార్చకపోవడమే జనం భరించలేరు. ఆల్డెన్ బాబాయి పోయి నలభై ఒక్క ఏళ్లు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ ఏటినుంచి పిన్ని చదువుతోంది. ఈ ఉత్తరం గనక సొరుగులో పెట్టి తాళం వేస్తే? ఒహాయో ఆవిడకు చదవడం రాదు, హార్వేకు చూపు ఆనదు. సోమవారం చిన్న రచనల కొత్త పుస్తకం అచ్చుకు పోతుంది, పాత వరసలోనే పోతుంది. పిన్ని ఉన్నన్నాళ్లూ రూఫస్ చివర్నే వస్తాడు. మూడింటికి ముందు చెప్పాలి, లేదా ఎప్పటికీ చెప్పకూడదు. సభ అయ్యాక చెబితే, ఆఖరిసారని తెలియకుండా పిన్ని చదివిన చదువును దొంగిలించినట్టే.

దొంగతనం. అవును, ఒకటి ఇదివరకే ఉంది. బాబాయి పోయిన తొమ్మిదోరోజున పోస్టాఫీసుకి పార్సెల్ వచ్చింది. కాగితం చిరిగిన మూలలోంచి పసుపురంగు కనిపించింది. వానకోటు, ఆయనే కంపెనీ జాబితా చూసి, డబ్బు కట్టి తెప్పించుకున్నది. మీద ఆయన పేరు. లినెట్‌కు అప్పుడు ఇరవయ్యారేళ్లు. పార్సెల్‌ను మధ్యాహ్నందాకా బల్లకింద కాలితో తోసిపెట్టింది. ఆ రబ్బరు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, వాన పడినప్పుడల్లా వస్తుంది. సాయంత్రం "తీసుకునేవారు లేరు" అన్న ముద్ర కొట్టి తిప్పి పంపేసింది. ముద్ర కొట్టిన చప్పుడు. దయే అనుకుంది. కానీ ఆ తర్వాత నిద్రలోనూ మెలకువలోనూ ఒకే సందేహం ఆమెను తొలిచింది: ఇచ్చి ఉంటే పిన్ని ఏం చేసేది? ఏడ్చేదా, తొడుక్కునేదా, తగలబెట్టేదా? ఎవరి దుఃఖాన్ని తాను వెనక్కి పంపింది? అడుగుదామని ప్రతి శనివారం వెళ్తుంది. పిన్ని బెల్లపు పాకంలో పొద్దుటినుంచీ మగ్గిన చిక్కుడుగింజలు పెడుతుంది, ఊరి కబుర్లు అడుగుతుంది. లినెట్ తన కోటు తలుపు పక్క మొదటి చిలక్కొయ్యకు తగిలిస్తుంది, పిన్ని మాట్లాడుతూనే లేచి దాన్ని తీసి కుర్చీమీద వేస్తుంది. కొయ్యలు నాలుగున్నాయి, మూడింటిమీద శాలువలూ సంచులూ ఒకదానిమీదొకటి. కోపమేమో తనమీద అని కొన్నేళ్లు అనుకుంది. తర్వాత చాదస్తమనుకుంది. తర్వాత ఏమీ అనుకోలేదు, తగిలించడం మాత్రం మానలేదు.

వేలు మళ్లీ కాగితంమీదికి వచ్చింది. ఇందాకటినుంచీ కంటికి అడ్డంపడుతున్నది ఒకటుంది. మూడో పేజీ అడ్డవరసలు అడుగుకి వచ్చేసరికి చోటు చాలలేదు. నల్లదారం, అమ్మకు చెప్పొద్దన్న మాట, ఆ తర్వాత పుస్తకంలో ఉన్న మాటలే ఇంకొన్ని: ఆవు ఈనిందట, రోడ్డు బాగాలేదు రావద్దట. అదంతా అంచులో, చీమల బారులా, ఒక మూల తిరిగి ఇంకో మూలకు ఎక్కి, మళ్లీ పైన "పొయ్యి పొగచూరుతోంది, ఇక ఆపుతాను" అని తలకిందులుగా ముగిసింది. ఇంత ఇరుకులో ఎందుకు కొట్టుకుంది? నాలుగో పేజీ అలాగే ఉంది కదా. కవరు లేదు కాబట్టి దాని నడుమ చిరునామా, పైన కింద గురువారం నాటి వరసలు, వాటిమీద ఒక్క అడ్డగీత లేదు. చిరునామా ఉన్న పేజీ కదా, తపాలావాడికి చదవడం కష్టమని వదిలిందా? లేదు, మడిస్తే ఆ వరసలు లోపలికే పోతాయి. సిరా అవతలికి ఊరుతుందనా? మిగతా పేజీలకు లేని ఊట దీనికెందుకు? లినెట్ లేచి సొరుగు తీసింది. తల్లికి రాసిన ఉత్తరాలు వరసగా పది, పదిహేను విప్పింది. అన్నిటికీ నాలుగో పేజీ అడ్డంగా నిండి ఉంది, పిసినారి చేతికి ఒక్క అంగుళం వృథా పోలేదు. ఈ ఒక్కదాంట్లోనే ఖాళీ. ఎవరైనా వచ్చారా మధ్యలో? వస్తే అంచులు ఎలా నిండాయి? తెలుసుకోవాలన్న ఆత్రంలో పిన్ని సంగతే మరిచిపోయింది కాసేపు, మరిచిపోయినందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ఇంకో ఉత్తరం విప్పింది.

గడియారంలో మూడింటికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. చేతికర్ర చప్పుడు, తలుపు అడ్డంపెట్టిన నవలకు కర్ర తగిలి ఆగింది.

"ఎవరే అది, కాగితాలు గరగరలాడిస్తున్నారు? లినెట్టా?"

"నేనే పిన్నీ. కూర్చో. నీళ్లివ్వనా?"

"నీళ్లొద్దు. ఇప్పుడు తాగితే సగంలో లేవాలి, హార్వే మొహం చూడాలి." పిన్ని బల్ల అంచు తడుముకుని కూర్చుంది. తల కొద్దిగా పక్కకు తిప్పి, తనకు మిగిలిన చూపుతో లినెట్‌ని పట్టుకుంది. "ఏమైంది నీకు? పార్సెలు పోగొట్టుకున్నదానిలా ఉన్నావు."

లినెట్ చెప్పింది. ఒహాయో, అక్క కొడుకు, అడ్డవరసలు, సోమ మంగళ బుధ గురు. చెబుతున్నంతసేపూ తన గొంతు కిటికీ వెనకనుంచి వస్తున్నట్టే ఉంది. పక్కగదిలో ఎవరో వచ్చారు, హార్వే వాళ్లను ముందు బ్లూబెర్రీ పై దగ్గరికి పోవద్దని తిడుతున్నాడు.

"అంటే," అంది పిన్ని చివరికి, "ఆఖర్న రాడన్నమాట."

"రాడు పిన్నీ. ముందే వచ్చాడు. తర్వాతే..."

"ఆగు. వచ్చాడా, నిజంగా? ఆవిడ ఊహించుకుని రాసింది కాదా?"

"కాదు. గురువారం నిజంగానే వచ్చాడు. ఆ సాయంత్రమే రాసింది. అడ్డవరసల సిరా వేరు."

పిన్ని కర్ర పిడిమీద రెండు చేతులూ ఆనించింది. "నలభై ఒక్క ఏళ్లు చదివాను," అంది. "చదివిన ప్రతిసారీ, పాపం పిచ్చిది, లేనిది కల్పించుకుంది అనుకునేదాన్ని. నాలాగే. ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది, బూట్లు దులుపుకున్నాడు, కోటు తగిలించాడు, అన్నమడిగాడు. జరిగిందది. ఎవరు తుడిపేస్తారు?" కళ్లు తుడుచుకుని, "ఇంత మాట చెప్పడానికి అంత నీళ్లు నమిలావేమే, పిచ్చిమొహమా," అంది.

లినెట్ నోట వచ్చింది మాత్రం ఇందాకటి ప్రశ్నే. "అయితే పిన్నీ, నాలుగో పేజీ ఎందుకు వదిలేసిందంటావు? అంచుల్లో చచ్చీచెడీ ఇరికించింది గానీ, దీనిమీద రాయలేదు."

"ఏదీ, ఇలా తే."

కాగితం రెండు చేతులా అందించింది. పిన్ని దాన్ని మొహానికి పక్కగా, చూపు మిగిలినచోటికి తెచ్చుకుని, అక్షరాలు చదవలేని కంటితో ఒక్కొక్క పేజీ చూసింది. నలుపు. నలుపు. నలుపు. నాలుగోది తిప్పింది.

"ఇది తెల్లగా ఉందే," అంది. ఎంత మెల్లగా అందంటే లినెట్ ముందుకు వంగాల్సొచ్చింది. "దాంట్లోనేగా ఆయన కోటు తగిలించింది? మరి దానిమీద ఆ కబురు ఎలా రాస్తుందే? మా వంటింట్లో తలుపు పక్క మొదటి కొయ్యమీద నేనేమన్నా తగిలించానా ఇన్నాళ్లూ? నువ్వొచ్చినప్పుడల్లా నీ కోటు తగిలిస్తావు, నేనొచ్చి తీస్తాను. ఏనాడైనా అడిగావా ఎందుకని?"

అడగలేదు. ఆవు ఈనిన కబురూ, రోడ్డూ, పొయ్యి పొగా అన్నీ అంచులకు తోసుకుపోయి, నడుమ ఒక్క మనిషికి చోటు. ఒకటీ రెండూ శనివారాలు కాదు, నలభై ఏళ్ల శనివారాలు ఆ కొయ్య ఆమె కళ్లముందే ఖాళీగా ఉంది, తాను దాన్ని చాదస్తమనుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడం తనవల్ల కాదు.

"పిన్నీ, అప్పుడు బాబాయి పేర ఒక కోటు వచ్చింది. పసుపుది. నీకివ్వకుండా తిప్పి పంపేశాను."

"తెలుసు."

"ఎలా?"

"వాళ్లు డబ్బు తిప్పి పంపారు, చీటీ పెట్టి. ఆ కవరు నా చేతికిచ్చింది నువ్వే." పిన్ని భుజాలు కదిలాయి, నవ్వుకు. "ఇచ్చేప్పుడు మొహం చూడాలి నీది. పోనీలే, చిన్నపిల్ల, దాచుకోనీ అనుకున్నా."

"ఇచ్చుంటే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను? ఎవరికో ఇచ్చేసేదాన్ని. కొయ్యకు మాత్రం తగిలించను. ఆయన తగిలించుకోవాలి గానీ నేనెవర్ని?"

గోడగడియారం కొట్టడానికి ముందు చేసే గరగర మొదలైంది. హార్వే తలుపులోంచి తొంగిచూసి, "వదినా, జనం వచ్చేశారు. నిజంగా సభకే వచ్చారు ఈసారి," అన్నాడు. పిన్ని లేచి, కాగితాన్ని లినెట్ చేతిలో పెట్టి, ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఈసారి నువ్వే చదువు. ఆవిడ రాసిన వరసలోనే. పుస్తకం కూడా అలాగే వెయ్యమను. పొయ్యి పొగచూరుతోంది, ఆపుతాను అన్నదాకా చదివి, ఆపెయ్యి. ఎవరికీ ఏం వివరించకు. నాలుగో పేజీ పైకెత్తి పట్టుకో. వెనకున్నోళ్లకి కూడా కనపడాలి."

గడప దాటబోతూ లినెట్ ఆగింది. చిలక్కొయ్యమీది ఉన్నికోటు తీసి, మడిచి, కుర్చీమీద పెట్టింది. ఆ చప్పుడు విని పిన్ని తలూపింది. ఇద్దరూ లోపలికి నడిచారు.